ముందు వైపు కాదు, వెనక వైపు చూసి కొనండి

సంపాదకులకు నమస్కారం.

2026 జులై 4కి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్లు. అదే ఏడాది నవంబరులో అక్కడ అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో జరిగే చట్టసభల ఎన్నికలు. ఇలాంటి ఏడాదిలో అక్కడి పాత సామాన్ల అమ్మకాల్లోనూ ఇంటర్నెట్ వేలాల్లోనూ అధ్యక్షుల బొమ్మలున్న బ్యాడ్జీలు, పుస్తకాలు, పాత పేపర్లు కుప్పతెప్పలుగా బయటికొస్తాయి. పిల్లల దగ్గరికి డల్లాసో న్యూజెర్సీయో వెళ్లిన మన పెద్దవాళ్లు వాటిని ముచ్చటపడి కొంటున్నారు. ఇంటికి తెచ్చాక 'కెనెడీ సంతకం', 'లింకన్ హత్య నాటి పేపరు' అని నలుగురికీ చూపిస్తున్నారు. అప్పుడప్పుడు అలాంటివి వార్తలుగా పత్రికల్లోకీ ఎక్కుతున్నాయి. వాటిలో చాలావరకు సంతకం సంతకం కాదు, పేపరు ఆనాటిది కాదు. అమ్మినవాళ్లందరూ మోసగాళ్లని కాదు, వాళ్లకీ తెలియదు. తెలుసుకోవడం మాత్రం కష్టమేమీ కాదు. పది రెట్లు పెద్దది చేసి చూపే చిన్న భూతద్దం, ఒక టార్చి, అంగుళాల స్కేలు, పది నిమిషాల ఓపిక ఉంటే సగానికి పైగా నకళ్లు అక్కడికక్కడే బయటపడతాయి. ఆ వివరాలు మీ పాఠకుల ముందుంచాలనే ఈ ఉత్తరం.

ముందు బ్యాడ్జీల సంగతి. అక్కడ వాటిని బటన్లంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. 1789లో వాషింగ్టన్ పదవీ స్వీకారానికి జనం కోట్లకు కుట్టుకున్నవి నిజంగానే గుండీలు. 1860లో లింకన్ పోటీ చేసినప్పుడు సన్నని ఇనుప రేకు మీద తీసిన చిన్న ఫొటోను ఇత్తడి చట్రంలో బిగించి, పైన రంధ్రం చేసి రిబ్బనుతో వేలాడదీసేవారు. ఒక వైపు లింకన్, రెండో వైపు ఉపాధ్యక్ష అభ్యర్థి హామ్లిన్. మనకు తెలిసిన పిన్ను బ్యాడ్జీ 1896లో అధ్యక్ష పదవికి మెకిన్లీ, బ్రయన్ పోటీపడినప్పుడు వచ్చింది. న్యూజెర్సీలోని న్యూవార్క్‌లో ఉన్న వైట్‌హెడ్ అండ్ హోగ్ సంస్థ ఆ ఏడాదే దానికి పేటెంటు తీసుకుంది.

ఆ బ్యాడ్జీ ఎలా కడతారో తెలిస్తే అసలూ నకలూ తేడా దానంతటదే తెలుస్తుంది. గుండ్రటి రేకు మూత ఒకటి. దాని మీద అచ్చు వేసిన కాగితం. కాగితం మీద సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌తో చేసిన పలుచటి, పారదర్శకమైన పొర. ఈ మూడింటినీ అంచు దగ్గర వెనక్కి మడిచి, వెనక నుంచి ఒక లోహపు వలయంతో బిగిస్తారు. ఆ వలయంలోనే స్ప్రింగు తీగ పిన్ను కూర్చుంటుంది. చాలా వాటికి వలయం మధ్యలో గుండ్రటి కాగితం ముక్క ఉంటుంది. తయారు చేసిన సంస్థ పేరు, ఊరు, పేటెంటు తేదీలు దాని మీద అచ్చు వేసి ఉంటాయి. సేకర్తలు మొదట చూసేది అదే. వెనక కాగితం ఉన్నంత మాత్రాన అసలుదని తేల్చేయకూడదు, వేరే బ్యాడ్జీ నుంచి తీసి పెట్టే ఘనులూ ఉన్నారు. ఆ కాగితం, వలయం, తుప్పు తీరు అన్నీ ఒకే వయసువిగా కనిపించాలి. వెనకంతా తుప్పు పట్టి, మధ్యలో కాగితం మాత్రం తెల్లగా ఉంటే వదిలేయండి.

రెండో రకానికి కాగితమూ లేదు, సెల్యులాయిడూ లేదు. రేకు మీదే నేరుగా రంగులు అచ్చు వేసి, గుండ్రంగా కోసి అంచు మడుస్తారు. దీన్ని లితో అంటారు. ఈ పద్ధతి ఎన్నికల్లో బాగా వాడుకలోకి వచ్చింది 1920 దరిదాపుల్లోనే. నకళ్లు పట్టడానికి ఇంతకంటే పదునైన ఆయుధం లేదు. 1896, 1900, 1904, 1908 నాటి బొమ్మ రేకు మీద నేరుగా అచ్చయి కనిపిస్తే, మెకిన్లీ గానీ బ్రయన్ గానీ థియొడోర్ రూజ్‌వెల్ట్ గానీ, అది ఆనాటిది కాదు. మరేం చూడక్కర్లేదు.

ఇలాంటివి ఇన్ని ఎక్కడివంటే, 1968లో క్లీనెక్స్ కాగితపు రుమాళ్ల ప్రచారానికి, 1972లో అమెరికన్ ఆయిల్ సంస్థ పెట్రోలు బంకుల ప్రచారానికి పాత ఎన్నికల బ్యాడ్జీల నకళ్లను వరుసగా అచ్చు వేయించి పంచారు. వాటిని మోసానికి చేయలేదు. అమెరికన్ ఆయిల్ వాటికి అంచు మడతలో సన్నని అక్షరాలతో ఏ–ఓ–1972 అని గుర్తు కూడా వేశారు. తర్వాత చేతులు మారినప్పుడు కొందరు ఆ అక్షరాలను గీకేశారు. అంచు మడతను టార్చి వెలుగులో చుట్టూ తిప్పి చూడండి. ఒక్కచోట మాత్రం రంగు గీరుకుపోయి, మిగతా అంచంతా బాగుంటే అక్కడ అక్షరాలు ఉండేవన్నమాట. 1973లో అమెరికా ప్రభుత్వం చట్టం తెచ్చింది. రాజకీయ వస్తువుల నకలు చేస్తే, చేసిన సంవత్సరాన్ని చెరగకుండా దాని మీద వేయాలని నియమం పెట్టింది. అంతకుముందు చేసిన లక్షల నకళ్లకు ఆ చట్టం వర్తించదు. వాటికి ఇప్పుడు యాభై ఏళ్ల తుప్పూ మురికీ పట్టి నిజంగానే పాతవిగా కనిపిస్తున్నాయి. చిక్కంతా అక్కడే ఉంది.

ఈ మధ్య ఇంకో రకం వచ్చింది. ఇంట్లో బల్ల మీద పెట్టుకుని నొక్కే బ్యాడ్జీ యంత్రం, కంప్యూటరు ప్రింటరు ఉంటే చాలు. ఎక్కువగా రెండుంపావు అంగుళాల సైజులో చేస్తారు. బొమ్మను భూతద్దంతో చూడండి. పాత అచ్చులో చుక్కలు వరుసలు కట్టి, క్రమంగా ఉంటాయి, అక్షరాల అంచులు ఖచ్చితంగా తెగినట్టుంటాయి. ఇంకు చల్లే ప్రింటరు బొమ్మలో రంగు చుక్కలు రంగవల్లిలో పొడి చెదిరినట్టు అడ్డదిడ్డంగా ఉంటాయి, నల్ల అక్షరం అంచున కూడా నీలం, గులాబీ చుక్కలు కనబడతాయి. సైజూ ముఖ్యమే. పాతవి ముప్పావు అంగుళం కంటే కాస్త పెద్దవి, అంగుళంపావువి ఎక్కువ. బ్యాడ్జీల జాబితా పుస్తకంలో అంగుళంపావు అని ఉన్నది మీ చేతిలో అంగుళంన్నర ఉంటే అనుమానించాల్సిందే. ఏ బ్యాడ్జీ ఏ సైజులో వచ్చిందో టెడ్ హేక్ 1970లలో వెలువరించిన మూడు సంపుటాల్లో బొమ్మలతో సహా ఉంది. అమ్మకందార్లు ఇప్పటికీ 'హేక్ నంబరు' అని ఆ సంపుటాల్లోని సంఖ్యే చెబుతారు. 1896కు ముందు వాటికి ఎడ్మండ్ సలివన్ పుస్తకం చూడాలి. ఇవి కొనకుండా బ్యాడ్జీలు కొనడం తూకం లేకుండా బంగారం కొనడమే.

ఇక ధర. కథ అరుదైతే వస్తువూ అరుదని జనం అనుకుంటారు. 1972లో డెమొక్రాట్ల ఉపాధ్యక్ష అభ్యర్థి ఈగల్టన్, మానసిక చికిత్స తీసుకున్నారన్న సంగతి బయటపడ్డాక, ఎంపికైన 18 రోజులకే తప్పుకున్నారు. అధ్యక్ష అభ్యర్థి మెక్‌గవర్న్‌తో కలిపి వేసిన మెక్‌గవర్న్–ఈగల్టన్ బ్యాడ్జీ కనిపిస్తే ఇంత తక్కువ రోజులున్నది ఎంత విలువైనదో అనిపిస్తుంది. నిజానికి అప్పటికే బోలెడు అచ్చయ్యాయి. ఆయన తప్పుకోగానే 'ఇది ఒకనాటికి విలువ పలుకుతుంది' అని అందరూ దాచారు. అందుకే ఇప్పుడు కావలసినన్ని దొరుకుతాయి. 1963 నవంబరు 22, 23 నాటి కెనెడీ హత్య పేపర్లదీ అదే గతి. ప్రతి ఇంటా అటకెక్కించారు. జనం దాచనివే అరుదవుతాయి.

దానికి ఎదురు ఉదాహరణ 1920. డెమొక్రాట్లు ఒహాయో గవర్నరు కాక్స్‌ను నిలబెట్టారు. ఉపాధ్యక్ష అభ్యర్థి 38 ఏళ్ల ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్. పార్టీ దగ్గర డబ్బు లేదు, గెలుస్తామన్న ఆశా లేదు. ఇద్దరి బొమ్మలూ పక్కపక్కన ఉన్న బ్యాడ్జీలు చాలా తక్కువ వేశారు. అలాంటి జంట బొమ్మల బ్యాడ్జీని సేకర్తలు జుగేట్ అంటారు. ఓడిపోయాక వాటిని ఎవరూ దాచలేదు. తర్వాత ఆ రూజ్‌వెల్టే నాలుగుసార్లు అధ్యక్షుడయ్యాడు. నేడు అసలైన కాక్స్–రూజ్‌వెల్ట్ జుగేట్ వేలంలో పదివేల డాలర్లకు పైమాటే. దాని నకళ్లు మాత్రం విరివిగా ఉన్నాయి. ఎవరైనా వంద డాలర్లకు ఇస్తానంటే అది నకలనే అర్థం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అటు పోనక్కర్లేదు. 1940లో రిపబ్లికన్ అభ్యర్థి విల్కీ పక్షం రూజ్‌వెల్ట్ మూడోసారి పోటీకి వ్యతిరేకంగా వందల నినాదాలతో బ్యాడ్జీలు వేసింది. ఆయన భార్యను కూడా వదలకుండా 'మాకు ఎలినార్ కూడా వద్దు' అని వేశారు. 1952 నాటి 'ఐ లైక్ ఐక్' (ఐక్ అంటే ఐసెన్‌హోవర్) చిన్నవీ, ఈ నినాదాల బ్యాడ్జీలూ ఇప్పటికీ కొద్ది డాలర్లకే దొరుకుతాయి. ఒకే ఎన్నిక నినాదాలన్నీ వరుసగా పేర్చితే ఆనాటి తగువులన్నీ కళ్లముందుంటాయి. 1936లో రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన కాన్సాస్ గవర్నరు లాండన్ బ్యాడ్జీలు మరీ అందమైనవి. కాన్సాస్ రాష్ట్ర పుష్పం పొద్దుతిరుగుడు గనక బ్యాడ్జీ చుట్టూ పసుపుపచ్చ ఫెల్టు గుడ్డతో పూరేకులు అమర్చారు. కొనేముందు ఆ పూరేకులను వెలుగుకెదురుగా పట్టి చూడాలి, పురుగు కొట్టిన చిల్లులుంటాయి. జాతీయ స్థాయి బ్యాడ్జీల కంటే ఏదో ఒక జిల్లాకు, సంఘానికి, కార్మిక శాఖకు వేసినవి సంఖ్యలో చాలా తక్కువ. ధర మాత్రం చాలాసార్లు పెద్ద తేడా ఉండదు. తెలిసినవాళ్లు కొనేది వాటినే. అంచు మీద చీమంత అచ్చులో కార్మిక సంఘం ముద్ర కూడా వెతకండి. అది ఉంటే కార్మిక సంఘమున్న ముద్రణాలయంలో తయారైందని అర్థం. పార్టీ అధికారికంగా వేయించిందా, వీధి వ్యాపారి వేయించాడా అన్నది తేల్చడానికి అదొక ఆనవాలు.

పుస్తకాలకొస్తే, వయసు చూసి విలువ కట్టడం మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు. మాజీ అధ్యక్షుడు గ్రాంట్ ఆత్మకథ రెండు సంపుటాలు 1885–86లో వచ్చాయి. గొంతు కేన్సరుతో బాధపడుతూ గ్రాంట్ రాసి ముగించి, 1885 జులై 23న కన్నుమూశారు. ప్రచురించింది మార్క్ ట్వైన్ నడిపిన చార్ల్స్ వెబ్‌స్టర్ సంస్థ. దుకాణాల్లో పెట్టకుండా ఊరూరా ఏజెంట్లను తిప్పి ముందే చందాలు కట్టించుకున్నారు. మూడు లక్షల జతలకు పైగా అమ్ముడయ్యాయి. కాబట్టి 140 ఏళ్లు నిండినా అది అరుదైన పుస్తకం కాదు. ఆకుపచ్చ గుడ్డ అట్టతో మామూలు జతలు ఇప్పటికీ సులువుగా దొరుకుతాయి. ధర పలికేది ఖరీదైన తోలు అట్టలవి, అవీ రెండు సంపుటాలూ ఒకే రకం బైండింగులో ఉండి, లోపలి కీళ్లు విరగకుండా ఉంటేనే. ముందు పుటల్లో సైనికులకు, నావికులకు అంకితమిస్తూ గ్రాంట్ చేతిరాతలో ఒక పుట ఉంటుంది. అది చూసి సొంత దస్తూరీ అనుకుని సంబరపడేవాళ్లు ఎందరో. అది అచ్చు. ప్రతి కాపీలోనూ ఉంటుంది. పుటను వాలుగా పట్టి వెలుగు వేస్తే కలం ఒత్తిడి గీత ఎక్కడా కనిపించదు.

తొలి ముద్రణ ఏదో చెప్పేది కాపీరైట్ పుట. ప్రచురణకర్తకో పద్ధతి. హార్పర్ సంస్థ 1912 నుంచి దశాబ్దాల పాటు రెండక్షరాల సంకేతం వేసేది. మొదటి అక్షరం నెల, రెండోది సంవత్సరం, జె అక్షరం వాడరు. కెనెడీ పుస్తకం 'ప్రొఫైల్స్ ఇన్ కరేజ్' 1956 జనవరిలో విడుదలైంది. తొలి ముద్రణలో ఎం–ఈ అని ఉంటుంది, అంటే 1955 డిసెంబరు. ఆయన చనిపోయాక వేసిన స్మారక ముద్రణలో తమ్ముడు రాబర్ట్ కెనెడీ ముందుమాట ఉంటుంది, అది ఎక్కడ చూసినా ఉంది. 1970ల తర్వాతి పుస్తకాల్లో అంకెల వరుస వచ్చింది. అందులో మిగిలిన అతి చిన్న అంకె ఎన్నో ముద్రణో చెబుతుంది, 1 ఉంటే మొదటిది. రాండమ్ హౌస్ మాత్రం చాలా ఏళ్లు వరుసను 2తోనే ఆపి, పక్కన తొలి ముద్రణ అన్న మాట వేసేది. రెండో ముద్రణలో ఆ మాట తీసేసేవారు. ఈ సంగతి తెలియక 2 చూసి అసలు తొలి ముద్రణలనే వదులుకున్నవాళ్లు ఉన్నారు. ఒబామా తొలి పుస్తకం 'డ్రీమ్స్ ఫ్రమ్ మై ఫాదర్' 1995లో టైమ్స్ బుక్స్ వేసింది. అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2004 జులైలో డెమొక్రాట్ల బోస్టన్ మహాసభలో ఆయన ప్రసంగం తర్వాత మళ్లీ అచ్చు వేస్తే లక్షల్లో పోయింది. రెంటికీ ధరలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా.

బుక్ క్లబ్ ముద్రణను, అంటే సభ్యులకు చవకగా పంపడానికి వేరుగా వేసినదాన్ని, గుర్తుపట్టడం ఇంకా తేలిక. పై జాకెట్ లోపలి మడతలో ధర ఉండదు. వెనక అట్ట అడుగున కుడి మూల వేలితో తడిమితే చిన్న గుంట తగులుతుంది. చదువుకోవడానికి భేషైన పుస్తకమే గానీ తొలి ముద్రణ ధర పెట్టకండి. జాకెట్ మూల ధర దగ్గర కత్తిరించి ఉంటే అది బుక్ క్లబ్‌దో కాదో కూడా తేలదు. ధర ఉన్న జాకెట్‌కే విలువ. జాకెట్ పోయిన ఇరవయ్యో శతాబ్దపు పుస్తకం విలువలో సింహభాగం జాకెట్‌తోనే పోయినట్టు.

పెద్దగా డబ్బు పెట్టకుండా సాహిత్యమూ రాజకీయమూ కలిసొచ్చే శాఖ ఒకటుంది, ఎన్నికల జీవిత చరిత్రలు. అభ్యర్థి పేరు ప్రకటించగానే వారాల్లో రాసి అచ్చేసి పంచినవి. 1852లో ఫ్రాంక్లిన్ పియర్స్ కోసం నథానియెల్ హాథార్న్, 1860లో లింకన్ కోసం విలియం డీన్ హావెల్స్, 1888లో బెంజమిన్ హారిసన్ కోసం లూ వాలెస్ రాశారు. పేరున్న వీళ్లవి ఖరీదే. అదే ఎన్నికల్లో ఊరూపేరూ లేని రచయితలు రాసినవి మాత్రం గుట్టల్లో దొరుకుతాయి.

సంతకాల దగ్గర జాగ్రత్త పదింతలు కావాలి. 1833 మార్చి 2 నాటి చట్టంతో భూమి పట్టాల మీద అధ్యక్షుడి పేరును ఒక కార్యదర్శి సంతకం చేయడం మొదలైంది. ఆ తేదీ తర్వాతి పట్టా మీద జాక్సన్ అని ఉన్నా లింకన్ అని ఉన్నా అది గుమాస్తా చెయ్యి. కింద 'బై' అని కార్యదర్శి పేరు కూడా ఉంటుంది, చదివితే చాలు. ఇరవయ్యో శతాబ్దం మధ్యకొచ్చేసరికి కలం పట్టి అదే సంతకాన్ని మళ్లీ మళ్లీ గీసే యంత్రం, ఆటోపెన్, వచ్చింది. కెనెడీ దాన్ని విరివిగా వాడారు. పైగా ఆయన పేరు కార్యదర్శులు కూడా సంతకం చేసేవారు. మనిషి తన పేరు రెండుసార్లు అచ్చుగుద్దినట్టు ఒకేలా రాయలేడు. మీ దగ్గరున్న సంతకాన్ని స్కాన్ చేసి, తెలిసిన ఆటోపెన్ నమూనాల మీద పెట్టి చూడండి. గీతకు గీత సరిపోయిందంటే యంత్రానిదే. కెనెడీకి నమూనాలు ఒకటి కాదు గనక అన్నింటితోనూ పోల్చాలి. గీత మొదలు నుంచి చివర దాకా ఒకే మందంలో ఉండటం, మొదట్లో చివర్లో చుక్కలా ఆగిపోవడం కూడా గుర్తులే. 'అసలుదని ధ్రువపత్రం ఉంది' అన్న మాటకు, ఆ పత్రం ఇచ్చిందెవరో తెలియనంత వరకు, కాగితం విలువే.

ఇంకో సంగతి. 1978 నాటి చట్టం ప్రకారం 1981 జనవరి 20 నుంచి అధ్యక్షుల అధికారిక కాగితాలు ప్రభుత్వ సొత్తు. ఆ తర్వాతి 'వైట్‌హౌస్ అసలు ఫైలు' అని ఎవరైనా అమ్మజూపితే దూరంగా జరగండి. ధన్యవాద ఉత్తరాలు, క్రిస్మస్ కార్డులు పంపినవాళ్ల చేతిని దాటి వచ్చాయి గనక వాటికి ఆ గొడవ లేదు. కాకపోతే ఆ కార్డుల మీద సంతకాలు చాలావరకు అచ్చే.

పేపర్లలో అన్నిటికంటే ఎక్కువ తిరిగే నకలు 1865 ఏప్రిల్ 15 నాటి న్యూయార్క్ హెరాల్డ్. ముందు పేజీలో లింకన్ బొమ్మ ఉంటే అది తర్వాతి కాలపు నకలే. కాగితం పట్టుకుని చూసినా తెలుస్తుంది. 1860లలో పేపర్లు గుడ్డపీలికల గుజ్జుతో చేసిన కాగితం మీద వచ్చేవి. అది ఇప్పటికీ మెత్తగా, తెల్లచాయతో ఉంటుంది. కలప గుజ్జు కాగితం గోధుమరంగుకు తిరిగి, మడిస్తే పెళుసుగా విరుగుతుంది. ఎంత పచ్చబడి పొడిపొడిగా రాలుతుంటే అంత పాతదనుకుంటాం, ఇక్కడ లెక్క తలకిందులు. పర్యాటక స్థలాల్లో అమ్మే కరకరలాడే పసుపు కాగితపు స్వాతంత్ర్య ప్రకటన గురించి చెప్పనే అక్కర్లేదు, గోడకు అందంగా ఉంటుంది, అంతే. వాషింగ్టన్ మరణవార్త ఉన్న 1800 జనవరి 4 నాటి అల్‌స్టర్ కౌంటీ గెజెట్ కూడా అంతే, నకళ్లు వేలల్లో తిరుగుతున్నాయి.

కొనడానికి మంచి చోట్లు అమెరికాలో రెండు. ఊరి గ్రంథాలయ మిత్రబృందాలు నడిపే పుస్తకాల అమ్మకాలు ఒకటి. చివరి రోజున సంచీకి ఇంతని రేటు పెడతారు. అక్కడ గ్రంథాలయం ముద్రలు, జేబు చీటీలు ఉన్న పుస్తకాలు చదవడానికి కొనండి, సేకరణకు వద్దు. పెద్దవాళ్లు పోయాక ఇంటి సామాను మొత్తం అమ్మే ఎస్టేట్ సేల్ రెండోది. మొదటి రోజు పొద్దున వెళితే సరుకుంటుంది, ఆఖరి రోజు వెళితే ధర తగ్గుతుంది. బ్యాడ్జీలకు 1945లో ఏర్పడిన అమెరికన్ పొలిటికల్ ఐటమ్స్ కలెక్టర్స్ అన్న సంఘం ఉంది. వాళ్ల ప్రదర్శనల్లో నకలని తేలితే వెనక్కి తీసుకునే అమ్మకందార్లు దొరుకుతారు. పుస్తకాలు అక్కడ ఊరు నుంచి ఊరికి పంపడానికి తపాలా శాఖ మీడియా మెయిల్ చవక. అందులో బ్యాడ్జీలు పెట్టకూడదు, పుస్తకాలకే ఆ రేటు.

ఇక్కడ హైదరాబాద్‌లో ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీదా, విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లోనూ వెతికేవాళ్లు అమెరికా ధరల జాబితా పట్టుకుని వెళ్లడం దండగ. ఇక్కడ దొరికేవి వేరు. అమెరికా రాయబార కార్యాలయం 1960 నవంబరులో మొదలుపెట్టిన 'స్పాన్' పత్రిక పాత సంచికలు. గాల్‌బ్రెయిత్ వంటి, మన దేశంలో పనిచేసిన అమెరికా రాయబారులు రాసిన పుస్తకాల భారతీయ ముద్రణలు. 1950, 60లలో అమెరికా సమాచార శాఖ సాయంతో చవకగా వచ్చిన తెలుగు అనువాదాలు. 1964లో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఏర్పడిన అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ ముద్ర ఉన్న కరపత్రాలు, సదస్సుల కాగితాలు. 2000 మార్చి 24న క్లింటన్, 2006 మార్చి 3న జార్జ్ డబ్ల్యూ. బుష్ హైదరాబాద్ వచ్చినప్పటి ఆహ్వానాలు, ప్రవేశ పాసులు, మర్నాటి తెలుగు దినపత్రికల పూర్తి సంచికలు. అమెరికా సేకర్తలకు వీటి ఊసే తెలియదు. భాష తెలిసిన మనం దాచకపోతే ఇవి చిత్తు కాగితాల తూకంలో కలిసిపోతాయి. పేపరు కత్తిరింపులు వద్దు. పూర్తి సంచిక ఉంటేనే తేదీ, జిల్లా ఎడిషన్, పక్క వార్తలు నిలుస్తాయి.

దాచడం గురించి. మన వాతావరణంలో, ముఖ్యంగా కోస్తాలో, బ్యాడ్జీకి పెద్ద శత్రువు చెమ్మ. అంచు సందులోంచి చెమ్మ లోపలికి చేరితే రేకు తుప్పు పట్టి, కాగితం మీద గోధుమరంగు మచ్చలు లేస్తాయి. వాటిని తీసే ఉపాయం లేదు, ధర సగానికి పైగా పడిపోతుంది. అందుకే సెల్యులాయిడ్ బ్యాడ్జీని ఎప్పుడూ తడిగుడ్డతో తుడవకూడదు. పొడి మెత్తని గుడ్డ చాలు. గోళ్లరంగు తుడిచే అసిటోన్ తగిలితే సెల్యులాయిడ్ కరిగిపోతుంది. వంగిన పిన్నును సరిచేయబోతే వలయం చీలుతుంది, అలాగే వదిలేయండి. మనింట్లో అలవాటుగా వేసే కలరా ఉండలు పుస్తకాల బీరువాలోనూ వద్దు, బ్యాడ్జీల పెట్టెలోనూ వద్దు, ఆ ఆవిరికి ప్లాస్టిక్కులు మెత్తబడతాయి. సెల్యులాయిడ్ పాతబడే కొద్దీ దానిలోంచే ఆమ్లపు ఆవిరి వస్తుంది. గాలాడని డబ్బాలో బిగిస్తే ఆ ఆవిరి మిగతా వాటినీ తినేస్తుంది. కాస్త గాలాడే పెట్టెలో, ఒకదానికొకటి తగలకుండా పెట్టి, బీరువాలో సిలికా జెల్ సంచులు ఉంచి, నెలకోసారి వాటిని ఆరబెట్టండి. ఏదైనా బ్యాడ్జీ జిగురుగా, ఘాటు వాసనగా మారితే వెంటనే విడిగా తీయండి. అది తేలిగ్గా అంటుకునే పదార్థం, దీపం దగ్గరా ఎండలో నిలిపిన కారులోనూ పెట్టకండి. మెత్తటి పీవీసీ ఆల్బమ్ జేబులు కూడా కొన్నేళ్లకు అతుక్కుంటాయి.

పురుగు పట్టిన పుస్తకానికి మందు చల్లొద్దు. పాలిథిన్ సంచిలో గాలి తీసి గట్టిగా మూసి, డీప్ ఫ్రీజరులో రెండు వారాలు ఉంచి, బయటికి తీశాక సంచి విప్పకుండా ఒక రోజు వదిలేయాలి. వెంటనే విప్పితే చెమ్మ పుటలకు పడుతుంది. తోలు అట్ట ఎర్రటి పొడిగా రాలుతుంటే నూనె రాయకండి, మరక పుటల్లోకి దిగుతుంది. ఆమ్లం లేని కాగితంలో చుట్టి పెట్టె చేయించండి. చిరిగిన పుటకు సెలోటేపు వేస్తే ఇరవై ఏళ్లలో టేపు ఊడి, పసుపు మరక మిగులుతుంది. కొన్న తేదీ, చోటు, ధర, ఎవరి ఇంటి నుంచి వచ్చిందో మెత్తని పెన్సిలుతో విడి చీటీ మీద రాసి జతచేయండి. యాభై ఏళ్ల తర్వాత వస్తువుతో పాటు ఆ చీటీకీ విలువ ఉంటుంది.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఒక విన్నపం. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2022లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నరుగా ఎన్నికయ్యారు. 2025 జనవరి 20న ఉపాధ్యక్షుడైన జె.డి. వాన్స్ సతీమణి ఉష తల్లిదండ్రులవి ఆంధ్ర మూలాలు. పాఠశాల బోర్డుల నుంచి రాష్ట్ర శాసనసభల దాకా తెలుగు పేర్లున్న అభ్యర్థులు కనిపిస్తున్నారు. వాళ్ల బ్యాడ్జీలు, గడ్డిలో పాతిన బోర్డులు, తలుపుకు తగిలించి వెళ్లిన కరపత్రాలు, తెలుగులో ముద్రించిన చీటీలు పోలింగ్ మర్నాడే చెత్తబుట్టలోకి పోతాయి. కాక్స్ బ్యాడ్జీలకు జరిగింది ఇదే. ఒక్కో రకానివి రెండేసి తీసి, వెనక పెన్సిలుతో తేదీ, ఊరు, ఎవరిచ్చారో రాసి, ఎండ తగలని చోట పెట్టండి.

సంపాదకులకు కూడా ఒక మనవి. ఇలాంటి వస్తువు దొరికిందని ఎవరైనా ఫొటో పంపితే, అచ్చు వేసే ముందు మరికొన్ని ఫొటోలు అడగండి. బ్యాడ్జీ అయితే వెనక వైపు, అంచు మడత. పుస్తకమైతే కాపీరైట్ పుట. సంతకమైతే పుటను వాలుగా పట్టి టార్చి వెలుగులో తీసినది.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
విజయవాడ